దివాణంలో పదడుగుల గోడ

పాత కట్టడాలను కొలిచి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు అదే చేశాను. రిటైరయ్యాక ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు అప్పుడప్పుడు పిలుస్తుంటారు. పిల్లలు లేజర్ మీటర్ల గురించి, డ్రోన్ల గురించి అడుగుతారు. అవి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను నిజంగా చెప్పవలసింది ఒక్క ఇంటి సంగతి. అది వాళ్ళు అడగరు, మైకు పట్టుకుని నేనూ చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఆ ఊరి పేరు, ఆ కుటుంబం పేరు రాయడం లేదు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్ళాలి. అంతవరకు చాలు.

పని నేర్చుకున్నది

మాది నందిగామ. డిప్లొమా అయ్యాక విజయవాడలో పట్టాభి గారి ఆఫీసులో చేరాను. పాత గుళ్ళు, సత్రాలు, జమీందారుల ఇళ్ళు బాగుచేసే ముందు వాటిని కొలిచి పటాలు గీసి ఇవ్వడం మా పని. అప్పటికి ఆఫీసంటే ఆయన, నేను, ఒక బల్ల.

ఈ పనిలో మొదటి సూత్రం చాలా చిన్నది. ఇంటిని బయట నుంచి ఒకసారి కొలుస్తాం. తర్వాత లోపలికి వెళ్ళి గదులూ, గోడల మందాలూ విడివిడిగా కొలిచి కూడతాం. రెండు మొత్తాలూ కలవాలి. రెండంగుళాలు తేడా వస్తే పాత ఇల్లు కదా అని ఊరుకోవచ్చు. అడుగు తేడా వస్తే మన టేపు తప్పు. అంతకన్నా ఎక్కువ వస్తే ఆ ఇంట్లో మనం చూడనిదేదో ఉంది.

రెండో సూత్రం, చూడని దాన్ని చుక్కల గీతతో గీయాలి. ఇక్కడ ఏముందో నాకు తెలియదు అని చదివేవాళ్ళకు చెప్పడం అది.

చేరిన కొత్తలో జి.కొండూరు దగ్గర ఒక పాత సత్రం కొలిచాను. మండపంలో ఒక స్తంభం నాలుగో వైపు గోడలో కలిసిపోయింది. మిగతా మూడు వైపులా గుండ్రంగా ఉంది కాబట్టి నాలుగోదీ గుండ్రమేనని గీసేశాను. పట్టాభి గారు పటం చూసి, "ఈ వైపు నువ్వు చూశావా?" అన్నారు. లేదన్నాను. మర్నాడు పొద్దున నన్ను మళ్ళీ బస్సెక్కించారు. గోడ పెచ్చు కొంచెం తీసి చూస్తే స్తంభం ఆ వైపు చదునుగా ఉంది. ఆ మనిషి మీద గౌరవం నాకు ఆ రోజు పుట్టింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ మన పెద్దలు మనకు నేర్పింది వాళ్ళే ఎప్పటికీ పాటిస్తారని అనుకోకండి. ఆఫీసు పెరుగుతుంది, మనుషులు పెరుగుతారు, జీతాలివ్వాలి, పెద్దవాళ్ళతో పరిచయాలు నిలబెట్టుకోవాలి. పాతికేళ్ళ తర్వాత కూడా ఆయన మారలేదని ఆయనా, నేను మారలేదని నేనూ అనుకున్నాం.

దివాణం

పన్నెండేళ్ళ కిందటి మాట. ఒక చిన్న జమీందారీ దివాణాన్ని హోటలుగా మారుస్తున్నారని కబురొచ్చింది. హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చేవాళ్ళు కాసేపు ఆగి, రాజులు తిరిగిన చోట భోంచేసి, ఒక రాత్రి పడుకుని వెళ్ళేలా చేస్తారట.

ఊళ్ళో వాళ్ళు దాన్ని కోట అంటారు గానీ కోట కాదు. ముందు రెండంతస్తుల మేడ, మధ్యలో మండువా, వెనక ఆడవాళ్ళ ఘోషా గదులు. పక్కన ఏనుగుశాల. ఒకప్పుడు నిజంగానే ఏనుగు ఉండేదట. అది చచ్చిపోయాక మళ్ళీ కొనే తాహతు లేక అందులో బండ్లు, ఆ తర్వాత ట్రాక్టరు పెట్టుకున్నారు. గోడలన్నీ రాయి, గానుగ సున్నం. సిమెంటు లారీలు పోయే రోడ్డు దుమ్మంతా వచ్చి కిటికీ రెక్కల మీద పేరుకుని ఉంది.

ఇంటికి ఇప్పటి వారసుణ్ణి అందరూ బాబుగారు అంటారు. అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. హైదరాబాదులో ఉంటారు. నాకు ఇల్లు చూపించడానికి ప్రత్యేకంగా వచ్చారు. ముందు హాల్లో ఫొటోలు వరసగా ఉన్నాయి. ముత్తాత గారు తలపాగాతో, తాత గారు గుర్రం పక్కన. చివర ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్ల కుర్చీలో కూర్చుని ఒళ్ళో పుస్తకం తెరిచి ఒక అక్షరం మీద వేలు పెట్టి ఉంది. చిన్నది వెనక నిలబడి ఉంది.

"మా తాతగారి చెల్లెళ్ళండి," అన్నారు బాబుగారు. "ఆ పెద్దావిడ సుభద్ర గారు. తొమ్మిదో ఏట మశూచికం వచ్చి పోయారు. చిన్నావిడని పెద్ద జమీందారీకి ఇచ్చారు. మా వంశంలో అంత పెద్ద సంబంధం మళ్ళీ రాలేదు."

ఆ మాట ఆయన చాలామందికి చెప్పి ఉంటారు. తడుముకోకుండా చెప్పారు.

కలవని లెక్క

నాలుగో రోజు ఘోషా గదులు కొలిచాను. ఆడవాళ్ళ హాలు, దాని పక్క సామాన్ల గది. రెండింటినీ కొలిచి, గోడలు కలిపి కూడితే, బయట గోడ పొడవుకి పదడుగులు తక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాను. పదడుగులే. హాలుకీ సామాన్ల గదికీ మధ్య గోడ ఒక్కటే. అదే పదడుగులు ఉంటే తప్ప లెక్క కలవదు. మిగతా ఇంట్లో ఏ గోడా రెండడుగులు మించి లేదు. డాబా ఎక్కి చూశాను. పైన గచ్చంతా ఒకటే, ఏ గుర్తూ లేదు.

గుమ్మంలో కూర్చుని మూడోసారి కూడుతుంటే నాగరత్నం టీ తెచ్చింది. ఆమెకు అప్పటికే డెబ్భై దాకా ఉంటాయి. ఆ ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, ఎవరైనా వస్తే వండి పెడుతుంది. అంతకుముందు ఆ పని వాళ్ళ అమ్మది. దానికి ముందు అమ్మమ్మది.

"లెక్క తేలట్లేదాండీ?" అంది.

"తేలట్లేదమ్మా. ఈ గోడలో ఏదో ఉంది."

"గది ఉందండి."

నేను తలెత్తి చూశాను. ఆమె గ్లాసు నా పక్కన పెట్టి, దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ఆ ఫొటోలో పెద్దపాప చిన్నప్పుడు పోలేదండి. అమ్మోరు పోసి కళ్ళు పోయాయంట. మొహమంతా గుంటలంట. అప్పటికే ఆ పెద్దింటి సంబంధం మాటలు నడుస్తున్నాయి. పెద్దపిల్లకి ఇట్టా అయిందంటే చిన్నపిల్లని కూడా చేసుకోరని, పోయిందని చెప్పేశారు. ఉత్త పాడె మోశారంటండి. పాపని ఈ గదిలో పెట్టారు. మా అమ్మమ్మే అన్నం పెట్టేది, తల దువ్వేది."

"ఎన్నాళ్ళు?"

"మా అమ్మ పుట్టి, పెరిగి, పెళ్ళయిందాకా ఉందండి ఆవిడ. పోయాక ఈ హాల్లోంచి ఉన్న తలుపు తీసేసి రాళ్ళు పేర్చి సున్నం కొట్టారు."

నేను గోడ వంక చూశాను. సున్నం మీద సున్నం, ఎన్ని పొరలో. తలుపు జాడ లేదు. మడమతో తన్ని చూశాను. రాతి చప్పుడే.

"మా అమ్మమ్మ లోపలికి ఎల్లినప్పుడల్లా ఒకటే అడిగేదంట ఆవిడ, బయట వానొస్తోందా అని," అంది నాగరత్నం. తర్వాత, "మీరు రాస్తున్నారుగా సార్. ఇక్కడ గది ఉందని రాయండి. ఇంకేం వద్దు. ఆవిడ పేరెత్తే దిక్కు ఈ ఇంట్లో లేదు. నేను పోతే ఆ మాత్రం కూడా ఉండదు," అంది.

రాస్తానమ్మా అన్నాను. ఆ మాట నేను అన్నాను.

సాయంత్రం బాబుగారిని అడిగాను. ఆయన నవ్వారు. "పనివాళ్ళ కబుర్లండి అవన్నీ. అది ఖజానా గోడ. బందిపోట్ల భయానికి లోపలంతా రాళ్ళు పోసి కట్టించారని మా నాన్నగారు చెప్పేవారు."

పదడుగుల గోడ ఏ జమీందారూ కట్టడని నాకు తెలుసు. అప్పటికి ఇరవై ఏడేళ్ళు ఇళ్ళు కొలిచినవాణ్ణి. "ఒక చిన్న కన్నం పెట్టి చూద్దామా సార్?" అన్నాను. ఆయన మొహంలో నవ్వు పోయింది. "ఎందుకండీ పాత గోడని పాడుచేయడం," అన్నారు. మర్యాదగానే అన్నారు.

చుక్కలు తీసేసిన రోజు

ఆఫీసుకు వచ్చి పటం గీశాను. ఆ పదడుగుల చోటుని చుక్కల గీతలతో గీసి, పక్కన 'లోపల తనిఖీ చేయలేదు, గది ఉండవచ్చు' అని రాశాను.

రెండు రోజులకు పట్టాభి గారు పిలిచారు. బల్ల మీద నా పటం ఉంది.

"ఇది బాబుగారు చూశారు. బాధపడ్డారు. వాళ్ళింటి ఆడవాళ్ళ మీద ఏవో పుకార్లు ఉన్నాయట, వాటిని మనం కాగితం ఎక్కించామంటున్నారు."

"నేను పుకారు రాయలేదండి. చూడలేదని రాశాను."

"రామ్మోహన్, ఆ ఇల్లు వాళ్ళది. గోడ అని వాళ్ళే చెబుతున్నారు. గోడ అని గియ్యి."

"మీరే కదండీ స్తంభం కోసం నన్ను వెనక్కి పంపింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. "అప్పుడు నా కింద నువ్వొక్కడివే," అన్నారు. "ఇప్పుడు పద్దెనిమిది మంది."

నేను వాదించలేదు. ఇక్కడ ఆయన తప్పు ఎంత ఉందో నాకు తెలుసు. అది చెప్పుకుని నేను తప్పుకోలేను. పెన్ను నా చేతిలో ఉంది. ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు, బెదిరించలేదు. నాకు ఆ రోజు ఇంటికి తొందరగా వెళ్ళాలనిపించింది, అంతే. చుక్కలు తీసేసి, పదడుగుల చోటంతా రాతి కట్టుబడి గుర్తుతో నింపి, కింద నా సంతకం పెట్టాను. పావుగంట కూడా పట్టలేదు.

కోటయ్య

ఏడాదికి పనులు మొదలయ్యాయి. మధ్యలో ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఆడవాళ్ళ హాల్లో కోటయ్య అనే మేస్త్రీ సున్నం పూత పూస్తున్నాడు. అతనిది వీరులపాడు దగ్గర పల్లెటూరు. యాభై దాటి ఉంటాయి. పాత పద్ధతిలో సున్నం పని చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ముగ్గురో నలుగురో మిగిలారు. అందులో అతనొకడు. నున్నటి గవ్వరాయితో రుద్ది రుద్ది గోడని అద్దంలా చేస్తాడు. నన్ను చూసి దిగి వచ్చి నమస్కారం పెట్టాడు.

"తమరేనా అండీ ఈ ఇల్లంతా కొలిచింది?" అన్నాడు. అవునన్నాను. ఇంకేదో అడగబోయినట్టు నిలబడ్డాడు. నాకు ఫోను వచ్చింది. మాట్లాడుతూ బయటికి వచ్చేశాను.

హోటలు గదులకు నీళ్ళు కావాలి. పెద్ద ట్యాంకులు ఎక్కడ పెట్టాలని డిజైను చేసినవాళ్ళు నా పటం ముందు పెట్టుకుని చూశారు. ఇంటి మొత్తంలో అంత బరువు మోయగలిగినది ఒక్కటే కనిపించింది, పదడుగుల రాతి గోడ. దాని నడినెత్తిన కాంక్రీటు దిమ్మ పోసి నాలుగు ట్యాంకులు నిలబెట్టారు. వాళ్ళను నేను తప్పు పట్టను. నేను గీసింది వాళ్ళు నమ్మారు.

ట్యాంకుల్లో మొదటిసారి నీళ్ళు నింపిన రోజు పొద్దున పదిన్నరకు డాబా దిగబడింది. దిమ్మతో సహా నాలుగు ట్యాంకులూ లోపలి ఖాళీలోకి పడి, ఆ అదురుకు ఒకప్పుడు తలుపున్న చోట పేర్చిన రాళ్ళు హాల్లోకి తోసుకొచ్చాయి. కోటయ్య ఆ గోడకే పూత పూస్తున్నాడు. ఆటోలో వేసుకుని బయల్దేరారు. నందిగామ చేరేలోపే ప్రాణం పోయింది.

గది

మూడో రోజు నన్ను రమ్మన్నారు. రాళ్ళు, ప్లాస్టిక్ ముక్కలు సగం తీసేశారు. లోపల ఆరడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు గది. దూలాలు చెదపురుగు తిని అట్టల్లా ఉన్నాయి. ఒక మూల దీపం గూడు. గుడ్డిదానికి దీపం ఎందుకనుకున్నాను. తర్వాత అర్థమైంది, అది అన్నం పెట్టే మనిషి కోసం. గోడ పైభాగంలో జానెడు కన్నం, బయటి నుంచి మూసేసి ఉంది. వాన చప్పుడు అందులోంచే వినపడి ఉంటుంది.

తర్వాత గోడ చూశాను. మిగతా సున్నమంతా గరుకుగా, బూజుపట్టి ఉంటే, గది చుట్టూతా ఒక పట్టీ మాత్రం నున్నగా మెరుస్తోంది. చెయ్యి పెట్టి చూస్తే పాలరాయిలా ఉంది. ముందు తేమ అనుకున్నాను. అలవాటు కొద్దీ టేపు తీశాను. పట్టీ కింది అంచు నేల నుంచి రెండడుగుల నాలుగంగుళాల ఎత్తున ఉంది. పై అంచు మూడడుగుల ఎత్తున ఉంది. పై అంచు వైపు ఎక్కువ నున్నగా ఉంది, కిందికి వచ్చేకొద్దీ కొంచెం గరుకు.

తొమ్మిదేళ్ళ పిల్ల గోడ తడుముకుంటూ నడిస్తే చెయ్యి ఆనేది కింది అంచు దగ్గర. అక్కడి నుంచి పట్టీ పైకి పెరిగింది. ఆవిడ ఎదిగినంత మేర పెరిగి, తర్వాత అక్కడే ఆగి, ఏళ్ళ తరబడి అదే ఎత్తున అరిగింది.

నా వెనక బాబుగారు నిలబడి ఉన్నారు. ఆయనా చూశారు. ఏమిటని అడగలేదు.

"మీకు తెలుసా అండీ?" అన్నాను.

"మా నాన్నగారు పోయే ముందు చెప్పారు," అన్నారు. "ఎవరికీ చెప్పొద్దన్నారు. గది ఉందని తెలుసు గానీ, ఇట్లా పడిపోతుందని నాకేం తెలుసండి." ఆయన చెడ్డ మనిషని నేను ఇప్పటికీ అనుకోను.

నాగరత్నం గుమ్మం దాకా వచ్చి ఆగింది. రమ్మన్నాను. లోపలికి వచ్చి, నేను చెయ్యి పెట్టిన చోటే చెయ్యి పెట్టి, పట్టీ వెంట మెల్లగా గది చివరి దాకా నడిచింది. అక్కడి నుంచి నన్ను చూసి, "రాస్తానన్నారు కదండీ," అంది. కోపంగా అనలేదు. బయటికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ ఇంటి పనికి రాలేదు.

మిగిలిన గోడలు ప్రమాదమని ఆ వారమే మిషనుతో పడగొట్టించారు. పడగొట్టే ముందు ఆ గదిని నేను పూర్తిగా కొలిచి, పటం గీసి, సుభద్ర గారి గది అని రాశాను. ఆ పటం ఎవరూ అడగలేదు. నా దగ్గరే ఉంది. ఇప్పుడు అక్కడ హోటలు వాళ్ళ జనరేటరు ఉంది. ముందు హాల్లో ఫొటో కింద కొత్తగా ఇత్తడి పలక పెట్టారు. తొమ్మిదో ఏట మరణించారనే ఉంది.

నేను చెప్పిన సమాధానం

విచారణకు ఒక అధికారి వచ్చారు. ఇల్లు పాతది, దూలాలు పుచ్చాయి, దగ్గర్లో సున్నపురాయి క్వారీల పేలుళ్ళకు అదిరి ఉంటుంది అని అప్పటికే అందరూ ఒక మాట మీద ఉన్నారు. ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మీ పటాలు సరిగ్గానే ఉన్నాయా?"

"అప్పటికి కనిపించినంత వరకు సరిగ్గానే ఉన్నాయండి," అన్నాను.

ఆయన రాసుకున్నారు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. అబద్ధం చెప్పవలసిన రోజు వస్తే అది ఇంత మర్యాదగా, ఇంత నిజంలా ఉంటుంది. ఆ రోజు నాకు అన్నం కూడా బాగానే సహించింది. తినలేకపోవడం తర్వాత మొదలైంది.

మాణిక్యం

కోటయ్య వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. వీరులపాడులో బస్సు దిగి ఆటోలో వెళ్ళాను. అతని భార్య పేరు మాణిక్యం. రేకుల ఇంటి ముందు నులక మంచం వేసి కూర్చోమంది. ఎవరినని అడిగింది. చెప్పాను. దివాణం కొలిచింది నేనే అని, అది గోడ కాదని నాకు అనుమానం ఉండీ గోడ అని గీశానని, అందువల్లే ట్యాంకులు అక్కడ పెట్టారని, ఒక్కొక్కటీ చెప్పాను. బస్సులో అనుకున్న మాటలన్నీ అయిపోయాయి. ఆమె తిడుతుందని, తిడితే బాగుండునని కూర్చున్నాను.

ఆమె కాళ్ళ దగ్గరున్న ఎండుపుల్ల తీసి పక్కన పడేసింది.

"ఆయనకి తెలుసండీ," అంది.

నాకు అర్థం కాలేదు.

"ముందు రోజు అన్నం తింటా చెప్పాడు. ఆ గోడకి పూత ఒకచోట తొందరగా ఆరిపోతంది, పక్కన ఆరట్లేదు, వెనకాల డొల్లగా ఉన్నట్టుంది అన్నాడు. సూపర్‌వైజరుకి చెప్పొచ్చుగా అన్నా."

"చెప్పాడా అమ్మా?"

"చెప్పాడంట. ఆయన కాయితం తీసి చూపించాడంట. అంతా రాయే అని ఉందంట. నాకింకా మనసొప్పక, రేపు ఆ గోడ జోలికి పోమాక అన్నా." ఆమె కొంగు సర్దుకుంది. "కొలిచినాయన పెద్దాయన, నేను చూశాగా, చదువుకున్నోళ్ళు చూడకుండా రాస్తారా అన్నాడండి. పొద్దున్నే లేచి ఎల్లాడు."

ఆమె నా జవాబు కోసం చూడలేదు. లేచి లోపలికి వెళ్ళి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి, మేకలను తోలుకురావడానికి పొలం వైపు వెళ్ళింది.